చిన్నప్పటి మాంత్రికుల సీరియల్స్ మళ్ళీ చదవొచ్చా? చదవొచ్చు, ఏకబిగిన మాత్రం వద్దు

మీరడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. చిన్నప్పుడు సెలవులకి తాతగారింటికి వెళ్ళినప్పుడల్లా చందమామ బైండు పుస్తకాల్లో మాంత్రికుల సీరియల్స్ అన్నానికి పిలిచినా లేవకుండా చదివారు. హైస్కూల్లో హ్యారీ పోటర్, కాలేజీలో సి.ఎస్. లూయిస్ రాసిన నార్నియా పిల్లల పుస్తకాలు. ఇప్పుడు ఆ ఇల్లు అమ్మేస్తుంటే అటక మీద ఆ బైండ్లు దొరికాయి. మళ్ళీ చదవాలని ఉంది కానీ, చదివాక "ఇంతేనా" అనిపిస్తే ఉన్న జ్ఞాపకం కూడా పాడవుతుందేమోనని భయం. మీ తొమ్మిదేళ్ళ అమ్మాయికి ఇవ్వొచ్చా అనేది రెండో ప్రశ్న.

చదవండి. కొంత పోతుంది, ఆ మాట దాచను, కానీ పోయేది మీరు భయపడుతున్నది కాదు. రెండే జాగ్రత్తలు: ఏకబిగిన చదవకండి, అన్నిటికంటే ప్రాణమైన దానితో మొదలుపెట్టకండి. ఈ రెండు తప్పులూ నేను చేశాను, అదీ ఒకే రాత్రిలో.

నా సంగతి కొంచెం చెప్తాను, లేకపోతే ఈవిడెవరు సలహాలివ్వడానికి అనుకుంటారు. గుడివాడలో మా నాన్నకి అద్దె పుస్తకాల షాపు ఉండేది. డిటెక్టివ్ నవలలు ఒక గోడకి, ఆడవాళ్ళ నవలలు ఒక గోడకి, కింద అరలో చందమామ, బొమ్మరిల్లు, బాలమిత్ర బైండ్లు. నేను ఆ కింద అర దగ్గరే పెరిగాను. తర్వాత హైదరాబాదులో ఒక స్కూల్లో లైబ్రేరియన్‌గా ఇరవై రెండేళ్ళు చేశాను, ఇంకా చేస్తున్నాను. చిన్నప్పుడు చదివినవాటిని పదేళ్ళకోసారి మళ్ళీ చదవడం, చదివాక ఒక నోటుబుక్కులో నాలుగు ముక్కలు రాసుకోవడం నాకు అలవాటు. ఇప్పుడు మూడో విడతలో ఉన్నాను.

మొదటి విడత ఘోరంగా పోయింది. అప్పుడు నాకు ముప్ఫై రెండో ముప్ఫై మూడో. విశాఖ నుంచి రాత్రి రైల్లో వస్తూ "మాయాసరోవరం" మొదలుపెట్టాను. నేను పిల్లగా ఉన్నప్పుడు నెలనెలా వచ్చిన సీరియల్ అది, నాకు అన్నిట్లోకీ ఇష్టమైనది, జయశీలుడూ సిద్ధసాధకుడూ మా ఇంట్లోవాళ్ళలాగా ఉండేవాళ్ళు. అనకాపల్లి దాటేసరికి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. రాజమండ్రి వచ్చేసరికి ఆవులింతలు. ఏలూరు దగ్గర పుస్తకం మూసేశాను. ఒక గండం, ఆఖరి క్షణంలో ఎవరో రావడం, బయటపడటం, నాలుగడుగులు వేయగానే పొదల్లోంచి ఇంకెవడో దూకడం, మళ్ళీ గండం. అర్ధరాత్రి పై బెర్తు మీద కూర్చుని, నా చిన్నతనమంతా ఇదా అనుకుని ఏడుపొచ్చినంత పనైంది.

కారణం తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది, కానీ తెలిశాక ఇంత చిన్న విషయమా అనిపించింది. ఆ సీరియల్స్ నెలకి కొద్ది పేజీల చొప్పున, ఏడాదికి పైగా, కొన్నైతే రెండేళ్ళకి పైగా చదవడానికి కట్టినవి. ప్రతి భాగం మొదట్లో జరిగిన కథ ముక్తసరిగా ఉంటుంది, చివర గండం ఉంటుంది, దాని కింద "ఇంకా వుంది". మధ్యలో నెల రోజులు మనవి. ఆ నెలంతా వాడెలా బయటపడతాడని బళ్ళో, బావి దగ్గర, పడుకునేముందు మనం ఆలోచించేవాళ్ళం. కథలో సగం పని అక్కడ జరిగేది. ఏకబిగిన చదివితే ఆ ముప్ఫై రోజులు తీసేసి, ఒట్టి గండాలు మాత్రమే వరుసగా మింగినట్టు. ఆవకాయ బాగుందని అన్నం లేకుండా జాడీ తింటే నాలుక మంటెత్తక ఏమవుతుంది? అందులో ఆవకాయ తప్పేం లేదుగా.

"మరి నేను బైండు పుస్తకంలో వరసగా చదివాను కదా, అప్పుడు బాగుందిగా" అంటారేమో. మీరు సెలవుల్లో చదివారు. ఒక సంవత్సరం బైండు వేసవిలో, ఇంకోటి సంక్రాంతికి. పైగా మధ్యలో ఒక సంచిక లేకపోతే లేనట్టే. ఆ కత్తిరింపులు చాలు.

దీన్ని స్కూల్లో పరీక్షించి చూశాను. కొన్నేళ్ళ కిందట ఐదో తరగతికి శుక్రవారం లైబ్రరీ పీరియడ్‌లో అదే "మాయాసరోవరం" వారానికి ఒక్క భాగం చొప్పున పైకి చదవడం మొదలుపెట్టాను. భాగం అయిపోగానే ఎంత గొడవ చేసినా పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని. మూడో వారానికి పిల్లలు గురువారమే వచ్చి "రేపు పీరియడ్ ఉందా టీచర్, ఎవరైనా ఆబ్సెంటా" అని అడగడం. వాళ్ళ సంగతి అటుంచండి, రైల్లో ఆవులించిన నేనే బుధవారం నుంచి శుక్రవారం కోసం ఎదురుచూశాను. అంతకుముందు చదివినదాన్నే! ఏం జరుగుతుందో తెలుసు, అయినా తాళం వేసిన బీరువా తన పని తను చేసింది.

కాబట్టి మీ అటక బైండ్లకి నా మందుచీటీ ఇది: వారానికి ఒకటి, మరీ ఆగలేకపోతే రెండు భాగాలు. అంతకు మించొద్దు.

ఇప్పుడు ఏం పోతుంది, ఏం మిగులుతుంది. భయం పోతుంది, అది తిరిగి రాదు. పదేళ్ళప్పుడు ఆ మాంత్రికుడి పేరు చదివి దుప్పటి ముసుగేసుకున్న నేను ఇప్పుడు ఆ పేజీ దగ్గర కాఫీ తాగుతున్నాను. మలుపులు కూడా చాలావరకు పోతాయి, ఎందుకంటే పెద్దయ్యాక ఎన్ని కథలు విన్నామో, ఎన్ని సినిమాలు చూశామో. మిగిలేవి మాత్రం నేను అనుకోనివి.

మొదటిది భాష. చిన్నప్పుడు దాన్ని గమనించలేదు, నీళ్ళు తాగేటప్పుడు గ్లాసుని చూస్తామా? ముప్ఫై దాటాక చూస్తే, ఒక్క మాట ఎక్కువ లేదు. చందమామ 1947 జులైలో మొదలైంది. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు గారు ఆ పత్రిక భాషని చేత్తో దువ్వినట్టు దువ్వారు, సంపాదకుడిగా పేరు మాత్రం చాలాకాలం చక్రపాణి గారిది. మాంత్రికుల సీరియల్స్ రాసినది దాసరి సుబ్రహ్మణ్యం గారు. 1954లో "తోకచుక్క"తో మొదలుపెట్టి చందమామలో పన్నెండు సీరియల్స్ రాశారు, ఒక్కదాని కిందా ఆయన పేరు అచ్చవలేదు. ఇన్నాళ్ళూ మనల్ని నిద్రపోనివ్వని మనిషి ఎవరో మనలో చాలామందికి పెద్దయ్యాకే తెలిసింది. ఆయన 2010లో పోయారు. (పక్కదారి: టోల్కీన్ "లార్డ్ ఆఫ్ ది రింగ్స్" మొదటి భాగం వచ్చింది కూడా 1954లోనే. ఒకటి ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ ఏళ్ళ తరబడి చెక్కి గట్టి అట్టతో వేయించుకున్నది, ఇంకోటి మద్రాసులో నెలనెలా అచ్చుకి అందించింది. రెండూ పక్కపక్కన పెట్టి ఏది గొప్ప అని అడిగేవాళ్ళతో నేను వాదించను, రెండూ నా మంచం పక్కనే ఉంటాయి.)

ఒక పేజీ తీసి, పైకి చదివి చూడండి. వాక్యాలు పొట్టిగా, క్రియ దగ్గర ఠక్కున ఆగుతాయి, మాంత్రికులు కూడా గ్రంథాలు వల్లించకుండా మనుషుల్లా మాట్లాడతారు, అందుకే మధ్యలో నవ్వొస్తుంది. ఆ హాస్యం చిన్నప్పుడు నాకు అస్సలు దొరకలేదు. రాక్షసుడు బెదిరిస్తుంటే పక్కవాడు వేసే పొడిమాట, రాజుగారి పిరికితనం, నమ్మకంగా తప్పులు చెప్పే మంత్రి, ఇవన్నీ నలభైల్లో చదివితే ఆఫీసులో చూసినవాళ్ళే గుర్తొస్తారు.

రెండోది జంటలు. "యక్షపర్వతం"లో ఖడ్గవర్మ, జీవదత్తుడు. "శిథిలాలయం"లో శిఖిముఖి, విక్రమకేసరి. ఇద్దరు స్నేహితులు, ఒకడికి తొందర, ఒకడికి నిదానం. చిన్నప్పుడు నేను కత్తి తిప్పేవాడి వైపు. ఇప్పుడు రెండోవాడి వైపు. మీరెటు మారారో చూసుకోండి, సరదాగా ఉంటుంది.

మూడోది బొమ్మలు. బొమ్మలు లేని ప్రతి దొరికితే, అది చదవకండి, ఆగండి. సీరియల్స్‌కి చిత్రా గారు వేసిన బొమ్మలు కథకి పక్కవాద్యం కాదు, సగం కచేరీ అవే. ఆ కోటల్లో రాళ్ళ సందులు, ఆ విచిత్ర జంతువుల మీద సవారీలు, చెట్టు వెనక సగం కనిపించే మొహం. మీ దగ్గర పాత బైండ్లే ఉన్నాయి కాబట్టి అదృష్టవంతులు. స్కాన్‌లో చదివేవాళ్ళకి నేను చెప్పేది, ఫోన్లో వద్దు, కనీసం పెద్ద స్క్రీన్ మీద పేజీ మొత్తం ఒకేసారి కనపడేలా పెట్టుకోండి.

జ్ఞాపకం పాడవుతుందనే భయానికి ఇంకో కేసు చెప్పాలి, ఇది నాదే. మా షాపులో "శిథిలాలయం" బైండ్లలో చివరి భాగం లేదు. ఎవరో అద్దెకి తీసుకెళ్ళి కథ ఉన్న కాగితాలు చింపేశారు. నేను ఏడ్చి గోల చేస్తే, మా అన్నయ్య తను స్నేహితుడింట్లో చదివానని చెప్పి ముగింపు వినిపించాడు. గుడి మొత్తం భూమిలోకి దిగిపోతుంది, శిఖిముఖి ఒక్కడే పైకొస్తాడు, విక్రమకేసరి రాడు, పైన కూర్చుని తెల్లవారేదాకా పేరు పెట్టి పిలుస్తూనే ఉంటాడు. నేను వారం రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ ముగింపు నాలో పాతికేళ్ళు ఉంది. తర్వాత అసలు చివరి భాగం దొరికింది, చదివాను. మా అన్నయ్య చెప్పింది ఒక్క ముక్క లేదు! వాడికి ఫోన్ చేసి తిట్టాను. "నేనలా చెప్పానా? నాకు గుర్తే లేదే, నేనసలు ఆ సీరియల్ చదవలేదే" అన్నాడు.

మీరు అడుగుతారని తెలుసు: మరి ఆ పాతికేళ్ళ జ్ఞాపకం చెడిపోయిందా? లేదు. ఇప్పుడు నాకు రెండు ముగింపులున్నాయి. పైగా ఆ ముగింపు కట్టిన పన్నెండేళ్ళ కుర్రాడెవరో కూడా తెలిసింది. వాడిప్పుడు సిమెంటు డీలరు.

అలాగే పెద్దయ్యాక చదివితే కథల చుట్టరికాలు కనపడతాయి. "ముగ్గురు మాంత్రికులు"లో పింగళుడు చేపలు పట్టుకుని బతికే కుర్రాడు. ఆ కథ ఎముకలు అరేబియన్ నైట్స్‌లో జూదర్ అనే బెస్తవాడి కథవని నాకు నలభై దాటాక తెలిసింది. కొందరికి ఇలాంటివి తెలిస్తే నీరసం వస్తుంది, "కాపీయా" అంటారు. నాకైతే దూరపు చుట్టాలింటికి వెళ్ళి అక్కడి గోడ మీద మా తాతయ్య ఫొటో చూసినట్టుంటుంది. కైరో నుంచి బయల్దేరిన కథ పంచె కట్టుకుని గుడివాడ అద్దె షాపు కింద అరలో కూర్చుంది.

ఇక ముళ్ళ సంగతి. ఉన్నాయి, దాచకూడదు. సీరియల్స్‌లో ఆడవాళ్ళు దాదాపు లేరు. ఉన్నవాళ్ళని ఎవడో ఎత్తుకుపోతాడు, ఇంకెవడో తీసుకొస్తాడు. అడవి జాతులవాళ్ళు చాలాచోట్ల బలులిచ్చేవాళ్ళుగానో, నోరెళ్ళబెట్టి చూసేవాళ్ళుగానో వస్తారు. కురూపి అయితే చెడ్డవాడు. శుక్రవారం పీరియడ్‌లో ఒక పిల్ల చెయ్యెత్తి "వీళ్ళెవరికీ అమ్మల్లేరా టీచర్?" అంది. నలభై ఏళ్ళుగా చదువుతున్నాను, నాకు ఒక్కసారి తట్టలేదు. నిజమే, ఎవరికీ ఇంట్లో అన్నం పెట్టి ఎదురుచూసే మనిషి లేదు. అలాంటివి కనపడినప్పుడు పుస్తకం విసిరేయక్కర్లేదు, "అప్పట్లో అంతే" అని కప్పిపుచ్చక్కర్లేదు. నేను నోటుబుక్కులో రాసుకుంటాను, పిల్లలడిగితే ఆ పేజీ దగ్గరే ఆగి మాట్లాడతాను.

నార్నియాలో కూడా ఈ ముళ్ళు బాగానే గుచ్చుకుంటాయి. 1950 నుంచి 1956 దాకా ఏడు పుస్తకాలు. చివరి పుస్తకంలో, కథానాయకులైన నలుగురు తోడబుట్టినవాళ్ళలో ఒకతైన సూసన్‌ని లిప్‌స్టిక్కులకీ పార్టీలకీ మరిగిందని చెప్పి కథలోంచి పక్కకి తోసేస్తారు. కాలేజీలో చదివినప్పుడు నేను పట్టించుకోలేదు, ఆడపిల్లల తల్లినయ్యాక ఆ పేజీ దగ్గర ఒళ్ళు మండింది. దక్షిణాన ఉన్న కాలొర్మెన్ జనాన్ని చూపించిన తీరు కూడా అంతే, తలపాగా పెట్టినవాళ్ళంటే క్రూరులన్నట్టు. కానీ మొదటి పుస్తకంలో సూసన్ తమ్ముడు ఎడ్మండ్ మిఠాయికి ఆశపడి అన్నాచెల్లెళ్ళని అమ్మేసే భాగం మాత్రం పెద్దయ్యాకే బాగా అర్థమైంది. ఆ పుస్తకం వచ్చేనాటికి బ్రిటన్‌లో మిఠాయిలకి ఇంకా రేషనే, 1953లో గాని ఎత్తెయ్యలేదు. అది తెలిస్తే ఆ పిల్లాడి మీద కోపం సగం తగ్గుతుంది. ఆ మిఠాయి, టర్కిష్ డిలైట్, మా మేనల్లుడు దుబాయ్ నుంచి తెస్తే తిన్నాను. దీనికోసమా తోడబుట్టినవాళ్ళని అమ్ముకున్నాడు, మా బందరు హల్వా చూపిస్తే ఏం చేసేవాడో.

హ్యారీ పోటర్ దారి వేరు. అది మళ్ళీ చదవడానికి అన్నిటికంటే తేలికైనది. ముందు ముందు జరిగేవాటికి మొదటి పుస్తకంలోనే మేకులు కొట్టి పెట్టారు కాబట్టి, ఏడు పుస్తకాలూ (1997 నుంచి 2007) ఒకసారి అయ్యాక మళ్ళీ మొదటికొస్తే స్నేప్ మాస్టారు పలికే ప్రతి మాటా ఇంకోలా వినపడుతుంది. ఇక్కడ మోతాదు బెంగ అక్కర్లేదు, పుస్తకాలుగానే కట్టినవి. ఇక్కడ దెబ్బ ఇంకోవైపు నుంచి తగులుతుంది: మీరిప్పుడు పిల్లల వైపు లేరు, పెద్దవాళ్ళ వైపు ఉన్నారు. మొదటి అధ్యాయంలో మాంత్రికుల బడి పెద్ద డంబుల్‌డోర్ నవంబరు నెల రాత్రి ఏడాది దాటిన పసివాడు హ్యారీని ఒక ఉత్తరం పెట్టి గుమ్మం ముందు వదిలేసి వెళ్తాడు. మొదటిసారి చదివినప్పుడు అది ఎంత అందంగా అనిపించిందో! ఇప్పుడు చదివితే "తలుపు కొట్టవయ్యా పెద్దమనిషీ" అని అరవాలనిపిస్తుంది. పదేళ్ళపాటు ఆ పిల్లాడు మెట్లకింద అలమరలో పడుకుంటే ఒక్కరూ వచ్చి తీసుకెళ్ళలేదు.

అదే పుస్తకంలో అద్దం ఒకటుంది, మనసులో అన్నిటికంటే ఎక్కువగా కోరుకునేది చూపించే అద్దం. పిల్లవాడికి చనిపోయిన అమ్మానాన్నలు కనపడతారు. మీకేం కనపడుతుందని డంబుల్‌డోర్‌ని అడిగితే, ఉన్ని సాక్సులు అంటాడు. మొదటిసారి నవ్వుకున్నాను. రెండోసారి చదివింది మా అమ్మ పోయిన ఏడాది. ఆ సాక్సుల దగ్గర పుస్తకం పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. ముసలాయన పిల్లాడికి అబద్ధం చెప్పాడు, ఎందుకు చెప్పాడో ఎవరూ వివరించక్కర్లేకుండా అర్థమైంది. ఇలాంటివి ఉంటాయి కాబట్టే మిమ్మల్ని చదవమంటున్నాను.

భేతాళ కథల గురించి మీరు అడగలేదు కానీ మీ బైండ్లలో అవీ ఉంటాయి, నిజానికి మొదలుపెట్టడానికి అవే మంచివి. ప్రతి కథా అక్కడికక్కడే ముగుస్తుంది కాబట్టి పాతదేదో పాడవుతుందన్న బెంగ ఉండదు. శంకర్ గారి ఆ బొమ్మ, భుజాన శవం, చేతిలో కత్తి, చూడగానే వయసు సగానికి పడిపోతుంది. సంస్కృతంలో ఉన్నవి పాతిక కథలే, చందమామ వాటిని వందల్లోకి తీసుకెళ్ళింది. చిన్నప్పుడు విక్రమార్కుడు చెప్పిందే తీర్పు. ఇప్పుడు చదివితే భేతాళుడి ప్రశ్న దగ్గర ఆగి, జవాబు చేత్తో మూసేసి, మీ జవాబు చెప్పుకుని తర్వాత చూడండి. భర్త తల, ఇంకొకడి తల ఒకరి మొండేనికి ఒకరిది మారి అతుక్కున్న ఆ పాత కథలో తల ఎవరిదైతే వాడే భర్త అంటాడు రాజు, శరీరంలో తలే ప్రధానమట. నేను, మా ఆయన దీని మీద ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పోట్లాడుకున్నాం. ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదేం అని నా వాదన.

కాశీమజిలీ కథలు కూడా ఉన్నాయన్నారు, మధిర సుబ్బన్న దీక్షితులు గారివి. అవి పిల్లల పుస్తకాలని అనుకుని ఇంట్లో పెద్దవాళ్ళు మన చేతికిచ్చారు గానీ, అసలు అవి పిల్లలవి కావు. ఆ గ్రాంథికం మనకి సగం అర్థం కాక బతికిపోయాం. ఇప్పుడు తీరిగ్గా చదువుకోండి, తలుపు వేసుకుని.

మీ అమ్మాయి సంగతి. తొమ్మిదేళ్ళు సరైన వయసే, కానీ చేతికిచ్చి "నాకు చాలా ఇష్టం, చదువు" అనకండి. ఇరవై రెండేళ్ళలో ఎంతోమంది నాన్నలు తమ చిన్నప్పటి పుస్తకం తెచ్చి పిల్లల చేతిలో పెట్టడం, పిల్లలు రెండో పేజీ దగ్గర దిక్కులు చూడటం, నాన్నల మొహం చిన్నబోవడం చూశాను. ఒకాయన అయితే నాలుగో తరగతి కొడుకుని పక్కన కూర్చోబెట్టి ప్రతి పేరాకి "బాగుంది కదూ" అని అడిగాడు. వాడు బాత్రూంకని వెళ్ళి పీరియడ్ అయ్యేదాకా రాలేదు. ఇష్టం మీది, ఆ బరువు పిల్ల మీద వేయొద్దు. రాత్రి పడుకునేముందు మీరు మీకోసం చదువుకుంటున్నట్టు ఒక భాగం పైకి చదవండి. "ఇంకా వుంది" రాగానే మూసేయండి. బతిమాలితే అప్పుడు ఆలోచించండి, వెంటనే ఒప్పుకోకండి. పిల్లకి తెలుగు చదవడం అంత రాకపోయినా వినడానికి అడ్డేమీ లేదు, అమెరికాలో ఉన్న మా మరదలు పిల్లలకి వీడియో కాల్‌లో నేను చేస్తున్నది ఇదే. "పాతాళం" అంటే ఏంటి, "ఆటవికుడు" అంటే ఏంటి అని అడుగుతారు, చెప్తాం, సాగుతుంది. నచ్చకపోతే వదిలేయండి. మీ తాతగారికి నచ్చినవన్నీ మీకు నచ్చాయా ఏంటి?

వరస అడిగారు కాబట్టి: ముందు నాలుగు భేతాళ కథలు. తర్వాత మీకు బాగా గుర్తులేని సీరియల్ ఏదైనా ఒకటి, "రాతిరథం" గానీ "కంచుకోట" గానీ. అది వారాల లెక్కన నడుస్తుండగా పక్కన హ్యారీ పోటర్ మొదటిది. మీ ప్రాణమైనది "రాకాసిలోయ" అని రాశారు, దాన్ని వచ్చే ఏడాదికి ఉంచుకోండి. ముప్ఫై ఏళ్ళు ఆగినవారు ఇంకో ఏడాది ఆగలేరా.

ఇంకొకటి, ఇది లైబ్రేరియన్‌గా. ఆ బైండ్లు అటక మీద నుంచి దించగానే తెరవకండి. నీడలో, గాలి తగిలేచోట రెండు రోజులు నిలబెట్టి ఉంచండి, ఎండలో పెడితే కాగితం ఇంకా పెళుసవుతుంది, రంగులు పోతాయి. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి, ఆయాసం ఉంటే మాస్క్ పెట్టుకోండి. పిన్నులు తుప్పు పట్టి ఉంటాయి, లాగకుండా వెనక కాళ్ళు నిదానంగా విప్పి తీయండి. చిరిగినచోట సెల్లోటేపు మాత్రం అంటించొద్దు, నాలుగైదేళ్ళకి పసుపు మరక మిగిల్చి ఊడిపోతుంది. మా నాన్న షాపుకి వచ్చే బైండరు మైదా ఉడకబెట్టి అందులో చిటికెడు మైలుతుత్తం కలిపేవాడు, పురుగు పట్టకుండా. అది విషం, ఇంట్లో పిల్ల ఉంది కాబట్టి మీరు చేయకండి, పాత బైండింగ్ పని తెలిసినవాళ్ళెవరికైనా ఇవ్వండి. ఇచ్చేముందు మాత్రం పేజీలు లెక్కపెట్టుకుని, చివరి సంచిక ఉందో లేదో చూసుకోండి.